జోల్వా సెషన్లు ఎందుకు తెగిపోయాయి

సూరత్ రింగ్ రోడ్‌లో ఇలాంటి కొలువు ఒకటి ఉందన్న వార్త నాకు మొదట తెచ్చింది మా రాజవ్వ చిన్నమ్మ. చీరల మార్కెట్టులో ఒక భవనం మెట్లు ఊడ్చే పని ఆమెది. మూడో అంతస్తులో కొత్తగా కంప్యూటర్లు దింపుకున్న ఆఫీసువాళ్లు మనుషుల కోసం చూస్తున్నారని విని, చీపురు అక్కడే గోడకు ఆనించి మా ఇంటికి వచ్చేసింది.

"డిగ్రీ గిట్ల ఏం అడుగుతలేరంట. ఇంగ్లీషు పుస్తకం సదివి సమజ్ చేసుకుంటే సాలంట. ఇంట్ల కూసోని గంత సదువు సదివితివి, దాన్నేమన్న పచ్చడి పెడ్తవా?" అంది.

ఆ మాట అన్నందుకు ఆమెకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. అమ్మకు ఆరోగ్యం బాగుండేది కాదు, ఇంట్లో పెద్దపిల్లను నేను. కండెలు చుట్టుకుంటూ అమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాను. దుకాణాల బోర్డులు చూసి గుజరాతీ కూడబలుక్కున్నాను. ఇంగ్లీషు మాత్రం నాన్న తెచ్చే మగ్గాల కంపెనీ పుస్తకాల్లోనే నేర్చుకున్నాను. పవర్‌లూమ్ ఆగిపోతే ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చూడాలి అని వాటిలో వరసగా రాసి ఉండేది. నాన్నకు ఇంగ్లీషు రాదు, నాకు మగ్గం తెలియదు. నేను చదివేదాన్ని, ఆయన అర్థం చెప్పేవాడు. యంత్రం ఎందుకు ఆగిందో ఓపిగ్గా వెతకడం అనే విద్య నాకు అలా అబ్బింది. తర్వాత కొలువులో చేసిందంతా అదే.

ఇప్పుడు పని మానేశాను. మన మగ్గాల ఇళ్ల నుంచే కొందరు పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారని వింటున్నాను. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, కుర్చీ ఎప్పుడు మారింది అన్నవి వాళ్లకు అక్కర్లేదు. పని ఎలాంటిదో చెబితే చాలు.

ఆగడం, పంపడం

మా కంపెనీ మగ్గాల యూనిట్లకు ప్యానెళ్లు అమ్మేది. ప్యానెల్ అంటే గోడకు బిగించిన ఇనుప పెట్టె, లోపల ఒక చిన్న కంప్యూటర్. ఏ మగ్గం నడుస్తోంది, ఏది ఆగింది, ఎంత బట్ట దిగింది అన్న లెక్క దాని దగ్గర ఉంటుంది. ఆ లెక్కను మేము రింగ్ రోడ్ ఆఫీసులో కూర్చునే తీసుకోవాలి. మా కంప్యూటర్ మీద నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. దాన్ని టెర్మినల్ అంటారు. అందులో మనం టైపు చేసింది తీగల మీద జోల్వాకో ఖటోదరాకో, ఏదో ఒక మగ్గాల పేటకు వెళ్లి, అక్కడి పెట్టె ముందు నిలబడి టైపు చేసినట్టే అవుతుంది. పెట్టె ముందు పేరు అడుగుతుంది. తర్వాత పాస్‌వర్డ్ అడుగుతుంది. రెండూ సరిపోతే లోపలికి రానిచ్చి, "ఏం కావాలి?" అన్నట్టు ఒక చిన్న గుర్తు చూపిస్తుంది. దాన్ని ప్రాంప్ట్ అంటారు. అప్పుడు అడగాల్సింది అడిగి, జవాబు తీసుకుని, సెలవు చెప్పి బయటికి రావాలి. ఇదంతా కలిపి ఒక సెషన్.

అన్ని ఊళ్ల పెట్టెల దగ్గరికి రోజూ మనిషి ఇలా వెళ్లి రాలేడు. అందుకని మనిషికి బదులు ఒక ప్రోగ్రామ్ టైపు చేస్తుంది. పేరు అడిగేదాకా ఆగు, పేరు పంపు. పాస్‌వర్డ్ అడిగేదాకా ఆగు, అది పంపు. గుర్తు కనిపించేదాకా ఆగు, ప్రశ్న పంపు. దానికి తెలిసింది అంతే. ఈ సెషన్లు మధ్యలో తెగిపోతే ఎందుకు తెగాయో కనిపెట్టడం నా పని.

కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ప్రోగ్రామ్‌కు కళ్లు ఉండవు. దానికి చెప్పిన నాలుగు అక్షరాలు వచ్చాయా లేదా అన్నదే చూస్తుంది. ఒకసారి ఖటోదరాలో ఒక పెట్టె జవాబు సగం చెప్పి మూగబోయేది. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది. లెక్క పొడుగైతే ఆ పెట్టె ఒక పేజీ చూపించి, మిగతాది కావాలంటే ఏదైనా మీట నొక్కమంటుంది. మా ప్రోగ్రామ్‌కు ఆ సంగతి తెలియదు. అది గుర్తు కోసం చూస్తూ కూర్చుంది, పెట్టె మీట కోసం చూస్తూ కూర్చుంది. పెండ్లి పంక్తిలో వియ్యంకులిద్దరూ "ముందు మీరు, ముందు మీరు" అనుకుంటూ అన్నం చల్లార్చినట్టు. పేజీలుగా విడగొట్టకుండా ఒకేసారి చెప్పమని ముందే అడిగితే ఆ తగువు తీరిపోయింది.

ఇంకో రకం ఉంది. సెలవు చెప్పకుండా తెగిపోయిన సెషన్‌ను పెట్టె మరిచిపోదు. రైలు సీటు మీద దస్తీ వేసి దిగిపోయిన మనిషి లాగా, మనిషి లేకున్నా ఆ చోటు నిండే ఉంటుంది. అలాంటి దస్తీలు నాలుగు పడ్డాయంటే ఇక ఎవరికీ చోటు దొరకదు. కాబట్టి ఎంత తొందర ఉన్నా సెలవు చెప్పి రండి.

ఇంకా ముఖ్యమైనది: "విఫలం" అని ప్రోగ్రామ్ చివర రాసే మాటను నమ్ముకుని వెతకవద్దు. అటు నుంచి వచ్చిన ప్రతి అక్షరాన్నీ, ఇటు నుంచి వెళ్లిన ప్రతి అక్షరాన్నీ పడ్డది పడ్డట్టు దాచిపెట్టమని దానికి చెప్పండి. తర్వాత ఆ సంభాషణను పక్కగదిలో ఇద్దరి మాటలు విన్నట్టు మొదటి నుంచి చదవండి. ఎవరు ఎవరి మాట పూర్తి కాకముందే అందుకున్నారో అక్కడ తెలుస్తుంది.

ఈ పనిలో మాట్లాడే మనుషులు ఉండరు. అమ్మకాల కుర్రాళ్లు పొద్దున్నే బండ్లేసుకుని వెళ్లిపోతే, మార్కెట్టు గోల అంతా కిటికీ అవతల ఉండేది, నేను గోడ వైపు తిరిగి నల్లటి తెర ముందు ఉండేదాన్ని. బతుకమ్మకు మన తెలుగువాళ్ల పేట లింబాయత్‌లో మా ఆడవాళ్లలో కలిస్తే కోడళ్ల మాటలు, మనవల మాటలు నడిచేవి. నాకు పెండ్లి కాలేదు, ఆ మాటల్లో వంతు లేదు. ఇవాళ ఒక పెట్టె ఒక అక్షరం రెండుసార్లు పంపి నన్ను ఏడిపించిందని ఎవరికి చెప్పుకుంటాను? "ఇయ్యాల ఎవలతోని మాట్లాడినవ్ బిడ్డా?" అని అమ్మ రోజూ అడిగేది. పలానా ఊరి పెట్టెతో అని చెబితే, "ఏమన్నది మరి?" అనేది, నవ్వకుండా. అమ్మ పోయాక ఆ అడగడం కూడా పోయింది. పొద్దున మా సాలెల దేవుడు మార్కండేయ స్వామి ముందు దీపం పెట్టి, ఆయనతో రెండు మాటలు చెప్పుకుని బయలుదేరేదాన్ని. ఆ రెండు మాటలకు చోటిచ్చినందుకు స్వామికి ఎప్పుడూ కృతజ్ఞురాలిని.

హర్షద్‌భాయ్‌ది ఒకే మందు

మా యజమాని హర్షద్‌భాయ్. ఒక్క సర్టిఫికెట్టూ లేని ఆడమనిషి ముందు ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెరిచిపెట్టి, ఈ పేజీలో ఏముందో హిందీలో చెప్పమన్నాడు. చెప్పాను. రేపటి నుంచి రమ్మన్నాడు. అంత సాదాగా నాకు అన్నం పెట్టిన మనిషి గురించి మంచే చెప్పాలి. కానీ ఇది చదివే పిల్లలకు పనికొచ్చేది మంచి ఒక్కటే కాదు.

సెషన్లు నడిపే ప్రోగ్రామ్ మొదట రాసింది ఆయనే. తెగిపోయిందని ఎప్పుడు చెప్పినా ఆయన మందు ఒకటే. "థోడా వెయిట్ బఢా దో, బెన్." కాసేపు ఎక్కువ ఆగమని ప్రోగ్రామ్‌కు చెప్పు అక్కా, సరిపోతుంది. లైను నెమ్మదిగా ఉన్న రోజున అది పనిచేస్తుంది కూడా. మిగతా రోజుల్లో అది జ్వరం మీద దుప్పటి కప్పడమే. ఎందుకు తెగిందో తెలియకుండా ఆగే సమయం పెంచారంటే, తెగడం రేపటికి వాయిదా పడిందని మాత్రమే అర్థం.

ఆయనలో ఇంకో గుణం ఉండేది. కొనుగోలుదారు ముందు మా ప్రోగ్రామ్‌ది ఎన్నడూ తప్పు కాకూడదు. లైనుది కావచ్చు, కరెంటుది కావచ్చు, అక్కడి మనిషిది కావచ్చు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. చెడ్డవాడితో పోట్లాడవచ్చు, భయస్తుడితో కష్టం. మనకు అన్నం పెట్టిన చెయ్యే వణుకుతుంటే దాన్ని విదిలించుకోలేం.

అద్దాల తలుపు వెనక

ప్రతి యూనిట్‌లో పెట్టెను కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరు ఉండేవారు. పెట్టె మొండికేస్తే మేము ఫోన్ చేస్తాం, ఆయన ఆపి మళ్లీ పెడతాడు. జోల్వా యూనిట్‌లో ఆ మనిషి సత్తయ్య.

మొదట్లో ఫోన్ ఎత్తగానే మగ్గాల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. "జర ఆగు చెల్లె, గదిలకు పోతున్న" అని అరిచేవాడు. తలుపు మూసిన శబ్దం, ఆ తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం, అందులో ఆయన ఊపిరి. సిరిసిల్ల దిక్కు పల్లె ఆయనది. భార్య, పిల్లలు ఊళ్లోనే. చిన్నప్పుడే సూరత్ వచ్చి ఏళ్ల తరబడి మగ్గం నడిపాడు. నూలు దుమ్ము రొమ్ములో పట్టింది. నాలుగు మెట్లు ఎక్కితే కూర్చోవాల్సి వచ్చేదట. ఇంకా మగ్గాల షెడ్డులోనే ఉంటే ఊపిరి ఉండదని డాక్టరు చెప్పేశాడు. అప్పుడే యూనిట్‌కు మా ప్యానెల్ వచ్చింది. దానికి దుమ్ము పడదు కాబట్టి విడిగా గది కట్టి, అద్దాల తలుపు పెట్టి, అందులో కాపలాకు సత్తయ్యను కూర్చోబెట్టారు.

"డబ్బాకు దుమ్ము పడదని గీ గది కట్టిన్రు చెల్లె. దాని పుణ్యాన నేను గూడ ఊపిరి తీస్తున్న" అని నవ్వేవాడు. నవ్వు చివర దగ్గు వచ్చేది.

ఆ తలుపుకు అవతల దుమ్ము, ఇవతల ఆయన. ఆ గది పోతే ఆయనకు తెలిసిన పని మళ్లీ మగ్గమే. ఈ సంగతి నాకు తెలుసు, యూనిట్‌లో అందరికీ తెలుసు.

పెట్టె గురించి మాట్లాడటం అయిపోయాక ఇంకో రెండు మాటలు నడిచేవి. తిన్నవా చెల్లె, ఏం కూర, ఊళ్లో వానలు పడ్డాయట, మార్కండేయ జయంతికి లింబాయత్ వస్తున్నవా. అమ్మ పోయాక తిన్నావా అని నన్ను అడిగిన మనిషి ఆయన ఒక్కడే. ఒకరి ముఖం ఒకరం చూడలేదు. జోల్వా రింగ్ రోడ్‌కు ఏమంత దూరం కాదు. ఎప్పుడైనా పోవచ్చులే అనుకున్న చోటికి మనిషి ఎప్పుడూ పోడు.

లాభ్ పంచమి నాడు

దీపావళికి సూరత్ మూతపడుతుంది. మళ్లీ లాభ్ పంచమి నాడు దుకాణాలు, మగ్గాలు ముహూర్తం చూసుకుని తెరుచుకుంటాయి. ప్రతి యంత్రానికీ కుంకుమ బొట్టు పెట్టి, శుభ్ లాభ్ అని రాసి, కొబ్బరికాయ కొట్టి మొదలుపెడతారు. ఆ పొద్దున మిగతా యూనిట్ల సెషన్లన్నీ చక్కగా నడిచాయి. జోల్వా సెషన్ మాత్రం మొదటిసారే తెగింది. ప్రోగ్రామ్ మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ తెగింది. ఆ తర్వాత పెట్టె ఎవరినీ లోపలికి రానివ్వలేదు. తప్పుడు పేర్లు, తప్పుడు పాస్‌వర్డులు వరసగా వస్తే దొంగ వచ్చాడనుకుని పెట్టె తనకు తానే తాళం వేసుకుంటుంది.

అక్కడ యూనిట్ యజమాని సేఠ్ కుటుంబంతో సహా వచ్చి నిలబడి ఉన్నాడు. కొత్త రకం బట్టకు మగ్గాలను మార్చుకోవాలంటే పెట్టె తెరుచుకోవాలి. ముహూర్తం దాటిపోయింది, మగ్గాలు కదల్లేదు. మేనేజరు పెట్టెలో దాఖలైన వివరాలు తీయించి చూస్తే, ఎవరో మళ్లీ మళ్లీ తప్పుడు పేర్లతో చొరబడాలని చూసినట్టు ఉంది. గది తాళం చెవి ఎవరి దగ్గర ఉంది? సత్తయ్య దగ్గర. అక్కడితో వాళ్ల విచారణ అయిపోయింది. డబ్బాను పాడుచేయడానికి ఎవరి దగ్గరో లంచం తిన్నాడని కూడా అప్పటికే అనేశారట.

హర్షద్‌భాయ్‌కు ఆ మాట తేలికగా నచ్చింది. వాళ్ల మనిషే కెలికాడు, మన ఇంజనీరు వెళ్లి తాళం తీసి పాస్‌వర్డు మార్చి వస్తాడు, ఇక వదిలేయమన్నాడు. ఇంజనీరు వెళ్లి తాళం తీశాడు. ఆ తప్పుడు పేర్లు ఏమిటో ఒక్కసారి చూడనివ్వమని నేను అడిగాను. ఇంజనీరు ఫోటో తీసి పంపాడు.

వాటిని ఒక్కొక్కటే చదివాను. చొరబడిన దొంగ తన పేరు అడిగితే "మగ్గాల లెక్క చూపించు" అని చెప్పాడు. పాస్‌వర్డు అడిగితే "ఆగిన మగ్గాలు చూపించు" అన్నాడు. ఏ దొంగా తన పేరు అలా చెప్పడు. అవి లోపలికి వెళ్లాక మా ప్రోగ్రామ్ అడిగే ప్రశ్నలు. వాకిట్లో ఉండగానే, లోపలికి వచ్చేశాను అనుకుని అడగడం మొదలుపెట్టింది. దొంగ మేమే.

ఎందుకలా అనుకుంది? తాళం తీశాక నా చేత్తో టైపు చేస్తే పెట్టె మర్యాదగా లోపలికి రానిచ్చింది. చేత్తో చేస్తే పనిచేసి ప్రోగ్రామ్‌తో పనిచేయనప్పుడు, మనిషి తెలియకుండానే చూసీచూడనట్టు వదిలేసేది ఏదో దారిలో ఉందని అర్థం. అప్పుడు పెట్టె పంపే అక్షరాలను మొదటి నుంచి ఒక్కొక్కటే చదివాను. పేరు అడగడానికి ముందు, ఎప్పుడూ లేనిది, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక స్వాగతం ఉంది. శ్రీ అని, దాని కింద శుభ్ లాభ్ అని. పైన, కింద, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే గుర్తు వరస: ##########.

ఆ గుర్తే మా పెట్టెల ప్రాంప్ట్. లోపలికి వచ్చావు, అడుగు అని చెప్పే గుర్తు. పాతకాలం పెట్టెలు కొన్ని పేరూ పాస్‌వర్డూ అడగకుండానే ఆ గుర్తు చూపించేవి. వాటి కోసం వేరే ప్రోగ్రామ్ రాయడానికి బద్ధకించి హర్షద్‌భాయ్ ఒక అడ్డదారి పెట్టాడు. పేరు అడిగితే పేరు ఇవ్వు, ఆ గుర్తే ముందు కనిపిస్తే లోపలికి వచ్చేసినట్టే. ఎన్నో ఏళ్లు అది పనిచేసింది. జోల్వాలో స్వాగతంలోనే ఆ గుర్తు ఎదురయ్యేసరికి ప్రోగ్రామ్ మోసపోయింది.

పడుగు, పేక

సత్తయ్యకు ఫోన్ చేశాను. గదిలోకి రానివ్వడం లేదని, మెట్ల మీద కూర్చున్నానని చెప్పాడు. డబ్బాలో ఏమన్నా మార్చావా అని అడిగాను.

"ఏం ముట్టలే చెల్లె. మార్కండేయుని మీద ఒట్టు."

"తెరవంగనే శుభ్ లాభ్ అని వస్తున్నది గదనే."

"అదా? అది నేను రాసిందే. అది మార్చుడెట్లయితది? అది పూజ."

ఆయన గొంతులో ఏ దాపరికమూ లేదు. కిందటేడు పెట్టెకు బొట్టు పెడితే కుంకుమ తడి సందులోంచి లోపలికి కారి బోర్డు చెడిపోయింది. ఇక దానికి కుంకుమ ముట్టించవద్దని మా ఇంజనీరే గట్టిగా చెప్పి వెళ్లాడు. స్వాగత వాక్యం రాసుకునే చోటు ఒకటి లోపల ఉంటుందని, యూనిట్ పేరు అక్కడ రాసుకోవచ్చని చూపించిందీ మా ఇంజనీరే.

"అన్ని మగ్గాలకు బొట్టుండి, నాకు ఊపిరిచ్చిన దానికి లేకపోతె ఎట్ల చెల్లె? బయట పెట్టొద్దంటిరి. అందుకే లోపట పెట్టిన."

"మరి పైన కింద ఆ గీతలేందన్న?"

"నిలువు రెండు, అడ్డం రెండు. పడుగు, పేక. సూస్తె బట్ట లెక్కనే లేదా? శుభ్ లాభ్‌కు అంచు నేసిన."

నేనూ సాలెల ఇంటి పిల్లనే. ఎన్నో ఏళ్లు ఆ గుర్తును రోజూ చూశాను, అందులో పడుగూ పేకా నాకు ఎన్నడూ కనిపించలేదు. ఆయనకు మొదటిసారే కనిపించింది.

జరిగింది విడమరిచి చెప్పాను. చాలాసేపు దగ్గాడు.

"అంటె నేనే చేసినన్నట్టు."

"కాదన్న. స్వాగతమేందో ప్రశ్నేందో మా ప్రోగ్రామ్‌కు తెలువాలె. తప్పు మాది. గదే రాసి పంపుత."

హర్షద్‌భాయ్‌కు అంతా చూపించాను. చూశాడు, అర్థం చేసుకున్నాడు, ముఖం తుడుచుకున్నాడు. అనుమతి లేకుండా ఆపరేటర్ సెట్టింగు మార్చాడు అని ఒక్క వాక్యం రాయమన్నాడు. అది అబద్ధం కాదు కదా అన్నాడు. నిజమే, అది అబద్ధం కాదు. సగం నిజం. మా ప్రోగ్రామ్ అతన్ని దొంగను చేసిందన్న మిగతా సగం కూడా రాస్తానన్నాను. అప్పుడు ఆయన నెమ్మదిగా, కోపం లేకుండా చెప్పాడు: ఆ సేఠ్ మనల్ని తీసేస్తే జోల్వా చుట్టుపక్కల యూనిట్లన్నీ పోతాయి, అవి పోతే నీ బల్ల ఉండదు. నా బల్ల అంటే నేనొక్కదాన్నే కాదు. లింబాయత్ మగ్గాల ఇళ్ల నుంచి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు నా దగ్గర పని నేర్చుకుంటున్నారు. వాళ్ల ఇళ్లకు అదే మొదటి ఆఫీసు కొలువు.

ఆ సాయంత్రం మళ్లీ సత్తయ్యకు ఫోన్ చేశాను. పొద్దున్నే ఉత్తరం పంపుతాను, అప్పటిదాకా ఎవరు ఏం అడిగినా జవాబు చెప్పకు అన్నాను. సరే అన్నాడు. ఇక పెట్టేస్తాడనుకున్నాను.

"గట్ల రాస్తె నీకేమన్న అయితదా చెల్లె? నీ దగ్గరున్న ఆ ఆడపిల్లలకు?"

ఏమీ కాదు అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు, నిజం చెప్పడానికి మనసు రాలేదు. అవతల ఆయన ఎదురుచూస్తున్నాడు. జవాబు రాకపోవడం కూడా ఒక జవాబే అని ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. ఆయన ఈ పనిలో లేకపోయినా ఆయనకూ తెలిసిపోయింది.

"తిన్నవా?" అని అడిగి పెట్టేశాడు.

ఉత్తరం వెళ్లాక

పొద్దున దీపం పెట్టి, ఆఫీసుకు వెళ్లి, రెండు సగాలూ రాసి జోల్వాకు పంపాను. హర్షద్‌భాయ్‌కు చెప్పే పంపాను. ఆయన అడ్డు రాలేదు, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కాసేపటికి మేనేజరు నుంచి ఫోన్ వచ్చింది. ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకు, మీకెందుకు శ్రమ అన్నాడు. యూనిట్ తెరవకముందే మా సత్తయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, సేఠ్ రాగానే చేతులు జోడించి, డబ్బాలో రాసింది నేనే, కంపెనీ పిల్లల తప్పు ఏమీ లేదు, వాళ్లను ఏమీ అనకండి అని చెప్పేశాడు, జీతం లెక్క చూసి పనిలోంచి పంపించేశాం అన్నాడు. తప్పు మాది అని నేను మళ్లీ చెప్పబోయాను. అతనే ఒప్పుకున్నాక మీరు ఎందుకు ఒప్పుకుంటున్నారు బెన్ అని నవ్వాడు.

జోల్వా యూనిట్లు మా చేతి నుంచి పోలేదు. నా బల్ల పోలేదు. ఆ వారంలోనే అడ్డదారి తీసేసి ప్రోగ్రామ్‌ను మళ్లీ రాశాను. హర్షద్‌భాయ్ ఏమీ అనకుండా అన్ని యూనిట్లకూ అదే పెట్టించాడు. మీకు పనికొస్తుందని చెబుతున్నాను: ఏ ఒక్క గుర్తునూ ఎక్కడ కనిపిస్తే అక్కడ నమ్మకండి. పేరూ పాస్‌వర్డూ ఇచ్చిన తర్వాతే, వరస మొదట్లో పెట్టె పేరుతో కలిసి వస్తేనే అది ప్రాంప్ట్. అంతకుముందు వచ్చేదంతా స్వాగతం, దాన్ని చదివి వదిలేయండి. లోపలికి వెళ్లడం ఒక్కసారి తప్పితే మళ్లీ మళ్లీ తలుపు బాదకండి. ఆగి, మనిషిని పిలవండి. మీరు బాదిన తలుపుకు అవతల ఎవరు కూర్చుని ఉన్నారో మీకు తెలియదు.

నేను జోల్వా వెళ్లాను, ఆ ఒక్కసారే. అద్దాల తలుపు గదిలో కొత్త మనిషి ఉన్నాడు. సత్తయ్య పక్క వీధిలో మరో యూనిట్‌లో మగ్గం ఎక్కాడని చెప్పాడు. అక్కడికి వెళితే, రెండు రోజులుగా పనికి రావడం లేదన్నారు. ఆయన ఉండే గది ఎక్కడో వాళ్లకు తెలియదు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశాడు. మగ్గాల చప్పుడు. జర ఆగు, గదిలకు పోతున్న అంటాడేమోనని ఆగాను. అలా వెళ్లడానికి అక్కడ గది లేదు. బాగున్న చెల్లె అన్న మాట ఒక్కటి తెలిసింది, మిగతాదంతా చప్పుడులో పోయింది. నేనూ ఏదో అరిచాను, ఆయనకు ఏం వినిపించిందో తెలియదు. ఆ తర్వాత నేను చేసినప్పుడల్లా ఫోన్ మోగేది, ఎవరూ ఎత్తేవారు కాదు. కొన్నాళ్లకు మోగడం కూడా మానేసింది. రొమ్ము బాగాలేక ఊరికి పోయాడని ఒకరు, లేదు, ఇంకో మగ్గాల ఊరు భివండీ పోయాడని ఒకరు చెప్పారు. ఊరి పేరు ఎన్నడూ సరిగ్గా అడగలేదు నేను.

నా దగ్గర నేర్చుకున్న ఆ ఇద్దరు పిల్లలే ఇప్పుడు ఆ బల్ల నడుపుతున్నారు. మీలో కొందరిని పనిలో పెట్టుకున్నదీ వాళ్లే. ఎవరి మాట మీద ఆ బల్ల నిలిచిందో వాళ్లకు చెప్పాను, మీకూ చెబుతున్నాను. సత్తయ్య ఉన్నాడో లేడో నాకు తెలియదు. మీ ఇంట్లో ఏ దేవుడికి దీపం పెట్టినా, ఉన్నాడనుకుని ఆయన ఊపిరి కోసం ఒక్కసారి మొక్కండి. లేడని తెలిసిన రోజున కూడా ఆ పేరు మరిచిపోకండి.